పర్మనెంటా? కాంట్రాక్టా?

గోదావరిఖనిలో పెళ్ళి సంబంధాలు మాట్లాడేవారు అబ్బాయి పేరూ, చదువూ, చాయా తీరిక మీద అడుగుతారు. అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: "పర్మనెంటేనా?"

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. శాశ్వతం, స్థిరం, నిత్యం అంటూ ఆ మాటకు పర్యాయపదాలు అరడజను అప్పజెప్పగలను. కాని లక్ష్మీనగర్ బజారులో ఎదురైన పరిచయస్థురాలిని ఆపి "మీవాడి కొలువు శాశ్వతమేనా అమ్మా?" అని అడిగానంటే, ఆమె నా ఆరోగ్యం గురించి మా ఇంట్లో వాకబు చేస్తుంది. పర్మనెంటు అన్నదే ఇక్కడి మాట. విచిత్రమేమంటే, దాని సవతి అయిన కాంట్రాక్టుకు మాత్రం మనకు ఎన్నాళ్ళనుంచో సొంతమాట ఉన్నది: గుత్త. గుత్తకు పట్టడం, గుత్తేదారు అన్న మాటలు మన తాతలు ఎరిగినవే. నిలకడలేని పనికి ఇంటిమాటా, నిలకడగల పనికి అరువుమాటా ఉన్నాయంటే మనవాళ్ళకు దేనితో పరిచయం ఎక్కువో వేరే చెప్పాలా?

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున మా కాలేజీలో బి.కాం. చదివిన కుర్రవాడొకడు తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సెకండు లాంగ్వేజి తెలుగు కాబట్టి నా శిష్యుడు. తండ్రి ముప్పై ఏళ్ళుగా భూగర్భ గనిలో చేస్తున్నాడు, ఫిల్లరుగా చేరినవాడు. ఆయనకు ఆ ఉద్యోగం ఆయన తండ్రి నుంచి వచ్చినదే. కుర్రవాడికిప్పుడు ఓపెన్‌కాస్టులో మట్టితీసే ఒక ప్రైవేటు సంస్థలో పని దొరికింది. టిప్పర్లు ఎన్ని ట్రిప్పులు తిరిగాయో లెక్క రాయాలి. నెలకు పదహారు వేలు.

తల్లి కూర్చోకుండానే మొదలుపెట్టింది. "మీరన్న చెప్పుండ్రి సారూ మా పోరనికి. కాంట్రాక్టుల చేరుతడట. కంపెనీ నౌకరి ఉన్నోని కొడుకు పోయి కాంట్రాక్టోని కింద పనిచేసుడేంది? రేపు వీనికి పిల్లనెవరిస్తరు?"

"రెండేండ్ల సంది కోచింగుకే పోతున్న సార్. ఇంకెన్నేండ్లు పోవాలె?" అన్నాడు కుర్రవాడు, నేలచూపులు చూస్తూ.

ఆమె గొంతు తగ్గించింది. "ఈయనకు దమ్ము వస్తాంది సారూ. మెడికల్ బోర్డుకు పెట్టుకోమంటే వినడు. అన్‌ఫిట్టు అయితే పోరనికి నౌకరి వస్తది గదా!"

అంతవరకు గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్న తండ్రి అప్పుడు నోరు విప్పాడు. "నేను మంచిగున్నన్ని రోజులు వానికి నౌకరి లేదు. నాకు పానం బాగలేకుంటేనే వానికి నౌకరి. ఇదేం లెక్క సారూ?"

నాకు సమాధానం తోచలేదు. టీలు వచ్చాయి, తాగాము. వారం రోజుల్లో చెబుతానని పంపించాను. ఆ వారం రోజులూ నేను చేసిన ఆలోచనే ఈ వ్యాసం.

ఈ తగాదా ఆ ఒక్క ఇంటిది కాదు. బొగ్గుబావుల వెంట కాలనీ కాలనీలోనూ నడుస్తున్నదే. అందుచేత కాస్త వెనక్కు పోయి చూడవలసి ఉన్నది.

ఇల్లందు ప్రాంతంలో బొగ్గున్నదని 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ కనిపెట్టాడు. 1889 నాటికి తవ్వకం మొదలయింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అధికభాగం వాటాలు కొనేసింది. దేశంలో మిగతాచోట్ల బొగ్గు గనులు జాతీయమయినది 1970ల ఆరంభంలో కదా. సింగరేణి అప్పటికే పాతిక సంవత్సరాలకు పైగా సర్కారు సొత్తు. నేడు ఇందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. "కంపెనీ" అన్న మాటకు ఇక్కడివారి నోట అంత బరువు ఉండటానికి ఇదీ ఒక కారణమే. కంపెనీ అంటే యజమాని మాత్రమే కాదు. క్వార్టరు, ఆసుపత్రి, బడి, నల్లా, కరెంటు, పొద్దున కూసే సైరను.

స్వాతంత్ర్యానికి పూర్వం దేశంలోని గనులలో బొగ్గు తీయించేది చాలాచోట్ల గుత్తేదారులే. కూలీలను తెచ్చేదీ, పనిచేయించేదీ, జీతాలిచ్చేదీ వారే. యజమానికి కూలీ ముఖం తెలియనవసరం లేదు. ఈ పద్ధతి మంచిది కాదని 1931లోనే బ్రిటిషువారి రాయల్ కమిషను తన నివేదికలో చెప్పింది. చెప్పిన నలభై సంవత్సరాలకుగాని చట్టం రాలేదు. 1970లో కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టం వచ్చింది. దానికింద 1975 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం, బొగ్గుగనుల్లో కొన్ని పనులను గుత్తకివ్వకూడదని నిషేధించింది. బొగ్గు తీయడం, నింపడం, దించడం, బొగ్గు మీది మట్టిని తొలగించడం వాటిలో ఉన్నాయి. 1988లో ఆ ఉత్తర్వుకు సవరణ వచ్చింది, మినహాయింపులు చేరాయి. తలుపు పూర్తిగా తెరవలేదు. గడియ మాత్రం తీసిపెట్టారు.

గోదావరి ఒడ్డున ఈ ఊరు గనులతో పాటు పెరిగిన కాలం అదే. 1960లలో ఊళ్ళనుంచి వచ్చి బావిలో దిగినవాడు మొట్టమొదటి రోజునే పర్మనెంటు అయిపోయాడని ఎవరూ అనుకోవద్దు. అతన్ని బదిలీ వర్కరు అనేవారు. అంటే ఎవరయినా రానిరోజున వారి బదులు పనిచేసేవాడన్నమాట. లాంతరు గది దగ్గర నిలబడి, పిలిస్తే దిగాలి, పిలవకపోతే ఇంటికి పోవాలి. కాని ఆ బదిలీవాడికి ఒక లెక్క ఉండేది. ఈనాటికీ ఉన్నది. సంవత్సరంలో భూగర్భంలో అయితే 190 మస్టర్లు, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు నింపితే జనరల్ మజ్దూరుగా ఖాయం చేస్తారు.

మస్టరంటే హాజరే. అయితే ఈ కాలనీల్లో మస్టరన్నది కాలాన్ని కొలిచే పాత్ర. "మొగనికి ఎన్ని మస్టర్లయినయి?" అని ఆడవాళ్ళు ఒకరినొకరు అడుగుతారు. జ్వరం వచ్చినా మస్టరు పోతుందని దిగినవాళ్ళు ఉన్నారు. అది ఒప్పా తప్పా అన్నది వేరు సంగతి. ఒక్కొక్క రోజూ వెళ్ళిన రోజుకు కూడుతుంది. నూటతొంభయ్యో రోజున మనిషి మారిపోతాడు.

కాంట్రాక్టు కార్మికుడికీ మస్టరు పడుతుంది. కాని కూడదు. వాడికి నూటతొంభయ్యో రోజూ, రెండువేల తొంభయ్యో రోజూ ఒకటే. కాంట్రాక్టరు మారితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పర్మనెంటుకూ కాంట్రాక్టుకూ జీతంలో తేడా చాలా ఉన్నది, కాదనను. కాని నా దృష్టిలో అసలు తేడా ఇదే.

ఇక అంకెలు చూడండి. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షమందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే చోట యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఇప్పుడు పర్మనెంటువారు సుమారు 41 వేలు. కాంట్రాక్టువారు సుమారు 30 వేలు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీద ఉండే మట్టిని, ఇక్కడివారి మాటలో ఓ.బి.ని, చాలాభాగం ప్రైవేటు సంస్థలే తీస్తున్నాయి. బొగ్గు లారీలు నడిపేవారు, బెల్టుల కింద రాలిన బొగ్గు ఎత్తేవారు, ఆసుపత్రి వార్డులు కడిగేవారు, క్యాంటీనులో వడ్డించేవారు, కాలనీల్లో చెత్త ఎత్తే ఆడవాళ్ళు, గేటుదగ్గర కర్ర పట్టుకుని నిలబడేవారు – వీరిలో ఎక్కువమంది కాంట్రాక్టువారే.

2025లో దసరాకు ముందు కంపెనీ లాభాల వాటా ప్రకటించారు. పర్మనెంటు ఉద్యోగులకు 34 శాతం చొప్పున తలకు సగటున 1,95,610 రూపాయలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు తలకు 5,500. అంతకుముందు సంవత్సరం 5,000 ఇచ్చారు. కాంట్రాక్టువారికి లాభాల్లో ఏదైనా ముట్టడం అదే మొదలు. సంతోషించవలసినదే. అయినా లెక్క లెక్కే: ఒకరి పళ్ళెంలో ముప్పైఅయిదు ముద్దలకు మరొకరికి ఒక్క ముద్ద. దసరా మాత్రం ఇద్దరికీ ఒకే రోజున వస్తుంది. పక్కపక్క వీధుల్లో ఉండే ఈ రెండు ఇళ్ళలో పిల్లలు కొత్తబట్టలు ఒకరివొకరు చూసుకుంటారు గదా!

ఓటు సంగతీ అంతే. గుర్తింపు సంఘానికి 1998 నుంచి రహస్య బ్యాలెట్టుతో ఎన్నికలు జరుగుతున్నాయి, చివరిసారి 2023 డిసెంబరు 27న జరిగాయి. ఆ ఓటు పర్మనెంటువారిది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందమూ వారిదే. పదకొండవ ఒప్పందంలో 19 శాతం పెంపుదల వచ్చింది. కోల్ ఇండియా గనులలో కాంట్రాక్టువారి కోసమని హైపవర్ కమిటీ వేసిన వేతనాలు 2013 జనవరి నుంచి ఉన్నాయి. నైపుణ్యం అక్కరలేని పనికి అప్పట్లో రోజుకు 464 రూపాయలు. అవే మాకూ కావాలని ఇక్కడివారు ఏళ్ళతరబడి అడుగుతూ, 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె కట్టారు.

గనికి మాత్రం ఈ తేడాపాడాలు తెలియవు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో గనిలో నీరు విరుచుకుపడి 17 మంది పోయారు. 2020 జూన్ 2న ఇక్కడి ఓపెన్‌కాస్టులో మందుగుండు నింపుతుండగా పేలి నలుగురు పోయారు. ఆ నలుగురూ కాంట్రాక్టు కార్మికులు.

ఇక్కడ నా సొంత సంగతి కొంత చెప్పాలి. ఎందుకంటే నేనూ పదిహేనేళ్ళు కాంట్రాక్టు లెక్చరర్నే. ఏ ఊళ్ళో, ఏ కాలేజీలో అన్నది అప్రస్తుతం. గనిలో కాంట్రాక్టు అంటే మధ్యన గుత్తేదారు ఉంటాడు. మాకు మధ్యన ఎవరూ లేరు, నేరుగా ప్రభుత్వంతోనే ఒప్పందం. అయినా రుచి ఒక్కటే. ఏటా వేసవిలో ఒప్పందం ముగిసేది, కాలేజీలు తెరిచాక మళ్ళీ రాసేవారు. ఆ రెండు నడుమ నేను లెక్చరర్ని అవునో కాదో నాకే తెలిసేది కాదు. జీతం మూడేసి నెలలు రానిరోజులు ఉండేవి. కిరాణా కొట్టు షావుకారు ఏమీ అనేవాడు కాదు. పద్దు పుస్తకం మాత్రం నాకు కనబడేటట్టు తెరిచి ఉంచేవాడు. ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెడితే, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఎంతో మర్యాదగా పంపించివేశారు. మా అబ్బాయి స్కూలు ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట "లెక్చరరు" అని రాసి, బ్రాకెట్టులో కాంట్రాక్టు అని రాయాలా వద్దా అని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.

2023 ఏప్రిల్ 30న ప్రభుత్వం వివిధ శాఖలలో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. ఆ జాబితాలో నా పేరూ ఉన్నది. మరునాడు నేను చేసినది ఏమిటో తెలుసునా? నాలుగేళ్ళుగా వాయిదా వేస్తున్న పంటి వైద్యానికి వెళ్ళాను. జబ్బు పడే హక్కు మొట్టమొదటిసారి వచ్చినట్టనిపించింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పర్మనెంటు అయిన మొదటి సంవత్సరంలో నేను ఒక పాఠాన్ని "రేపు చెబుదాంలే" అని రెండుసార్లు వాయిదా వేశాను. కాంట్రాక్టు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. పర్మనెంటువాడు పనిచేయడు, భయం ఉంటేనే మనిషి కదులుతాడు అనే పెద్దమనుషులు ఉన్నారు. వారి మాటలో అసలు నిజం లేదని నా అనుభవం పెట్టుకుని నేననలేను. కాని ఆ భయానికి మా ఇల్లాలు పదిహేనేళ్ళపాటు చెల్లించిన ఖరీదుతో పోల్చుకుంటే నా రెండు పాఠాల వాయిదా ఎంత?

మరొక వాదం ఉన్నది. నగరాలలో కంప్యూటరు కంపెనీల కుర్రవాళ్ళు కాంట్రాక్టే మేలంటారట. చేతికి ఎక్కువ వస్తుంది, ఇష్టం లేకపోతే మారిపోవచ్చు. ఉండవచ్చు. నిలకడ లేనివాడికి ఆ నిలకడ లేనందుకు పరిహారంగా పైసలు ఎక్కువ ఇస్తే అది న్యాయమైన బేరమే. ఆస్ట్రేలియాలో సెలవులూ భద్రతా లేని క్యాజువలు పనివారికి మామూలు రేటుమీద సాధారణంగా 25 శాతం కలిపి ఇస్తారు. అక్కడి గనుల్లో మధ్యవర్తి సంస్థల ద్వారా వచ్చినవారికి కూడా కంపెనీవారితో సమానంగా జీతం ఇవ్వాలని కోరే వీలు 2023లో చట్టంలో పెట్టారు. మన బొగ్గు బావుల దగ్గర బేరం తలకిందులు. భద్రతా తక్కువే, పైసలూ తక్కువే. రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాడికి స్వేచ్ఛ గురించి ఉపన్యసించడం నాకు చేతకాదు.

పోనీ, పర్మనెంటు అన్నది నిజంగా పర్మనెంటా అంటే, రామగుండం ప్రజలను అడగండి. 1980లో ఇక్కడి ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. బొగ్గుతో యూరియా చేసే పెద్ద కార్ఖానా. అందులో ఉద్యోగమంటే పెళ్ళిళ్ళ బజారులో సింగరేణికి దీటు. 1999లో అది మూతబడింది. టౌన్‌షిప్పులో క్వార్టర్లు పాడుబడి, వీధుల్లో తుమ్మలు మొలవడం మావంటివారు కళ్ళారా చూశాము. అదే చోట 2021లో గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారం వచ్చినది గాని, పాత పర్మనెంటువాళ్ళకు ఆ ఇరవై ఏళ్ళు ఎవరు తిరిగిస్తారు? సింగరేణి కూడా 1990లలో నష్టాలతో ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కి వచ్చినదే.

ఇక కోర్టులు. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించిన చోట కార్మికులు తమంతట తాము కంపెనీ మనుషులు అయిపోరని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దారితప్పి ప్రభుత్వ కొలువుల్లో చేరినవారికి, ఎన్నాళ్ళు చేసినా, ఖాయం కావాలని అడిగే హక్కు లేదని 2006లో మరొకటి. 2025 నవంబరు 21నుంచి 1970 నాటి చట్టం పోయి కొత్త కార్మిక కోడు వచ్చింది. సంస్థకు ప్రధానమైన పనుల్లో కాంట్రాక్టువారిని పెట్టరాదని అందులోనూ ఉన్నది. ఆ వెంటనే "అయితే" అని మొదలయ్యే మినహాయింపులూ ఉన్నాయి. చట్టంలో "అయితే" అన్న మాటంత బలమైన మాట ఇంకొకటి లేదు. అందుచేత "ఎప్పుడో ఒకప్పుడు వీళ్ళే పర్మనెంటు చేస్తార్లే" అన్న ఆశతో కాంట్రాక్టులో చేరేవారికి ఆ ఆశను కొంచెం పక్కన పెట్టుకొమ్మని నా మనవి. నాకు జరిగింది గదా అంటారేమో. నాకు జరగడానికి పదిహేనేళ్ళు పట్టింది. జరగనివారు నా ఎరికలోనే ఉన్నారు.

మరి ఆగి చూడటమో? 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంటు ఉద్యోగాలకు పరీక్ష పెడితే తొంభైవేల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్క కుర్చీకి అయిదువందల మంది. మా కుర్రవాడు ఆ అయిదువందలలో ఒకడు. ఆ కుర్చీ నాదే అన్నట్టు ఇరవైరెండేళ్ళ నుంచి ముప్పైఏళ్ళ దాకా కోచింగు గదుల్లో గడిపేవారిని చూస్తే, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత జ్ఞాపకం వస్తుంది. ఆ ఎనిమిదేళ్ళూ ఇంటి ఖర్చు వెళ్ళదీసేది ఎవరు? దమ్ముతో బావిలో దిగే తండ్రే.

వారసత్వ ఉద్యోగాల కథ అందరూ ఎరిగినదే. 1990ల చివర ఆగిపోయాయి. మళ్ళీ పెట్టబోతే 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత కారుణ్య నియామకాల పేరిట, అనారోగ్యంతో పనికి అనర్హుడని మెడికల్ బోర్డు తేల్చినవారి పిల్లలకు అవకాశం ఇస్తున్నారు. కష్టంలో ఉన్న ఇంటికి అది ఆసరా. దాన్ని నేను తప్పుపట్టను. నిజంగా పనిచేయలేనివాడు బోర్డుకు పోవలసిందే. నన్ను కలతపెట్టినది వేరు. మంచి మనుషులున్న ఒక ఇంట్లో, భార్య భర్త దగ్గును వింటూ ఆశపడే స్థితి వచ్చింది. ఆమె చెడ్డ ఇల్లాలు కాదు. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళు నేను చూశాను.

వారం గడిచింది. మళ్ళీ వచ్చారు. నేను చేరమన్నాను.

"చేరు. కాని దాన్ని ఉద్యోగం అనుకోవద్దు, దారిబత్తెం అనుకో," అన్నాను కుర్రవాడితో. నియామకపు కాగితం చేతికి తీసుకోకుండా గనిలో అడుగు పెట్టవద్దన్నాను. గనిలో ఏ పనివాడైనా సరే ముందు శిక్షణ పొందాలని 1966 నాటి నిబంధనలనుంచీ ఉన్నది; ఆ శిక్షణ సర్టిఫికెట్టు అడిగి పుచ్చుకొమ్మన్నాను. బొగ్గుగనుల ప్రావిడెంటు ఫండు 1948లో పెట్టినది. కాంట్రాక్టువాడికి కూడా అందులో పాలున్నది. నంబరు రాకముందే జీతంలోంచి కోత పడుతుంటే ఊరుకోవద్దన్నాను. కాంట్రాక్టరు మారినా ఈ మూడు కాగితాలు మారవు. మైనింగు డిప్లొమా చదివిన పిల్లలకయితే ఇంకొక మాట చెబుతాను. సర్దారు, ఓవర్‌మన్ సర్టిఫికెట్ల పరీక్షలకు గని అనుభవం కావాలి కాబట్టి, అనుభవం రికార్డు అయ్యే చోటయితే కాంట్రాక్టయినా మంచిదే. రికార్డు కాని చోట జీతం ఎక్కువయినా దండుగే. కూడే మస్టరుకే విలువ.

పరీక్షలు మానవద్దనీ చెప్పాను. మరో రెండేళ్ళు, పని చేస్తూనే రాయాలి. మూడో ఏడు ఆ పుస్తకాలు తమ్ముడికి ఇచ్చేయాలి.

తల్లికి నా సలహా నచ్చలేదు. "మీరు పర్మనెంటయినంక చెప్తున్నరు సారూ," అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తండ్రితో మాత్రం ఆసుపత్రికి పొమ్మన్నాను. బోర్డుకు కాదు, డాక్టరు దగ్గరకు. తలవూపాడు.

మొన్న ఒకనాటి సాయంత్రం చౌరస్తాలో సెకండు షిఫ్టు బస్సుకోసం నిలబడి ఆ కుర్రవాడు కనబడ్డాడు. పని ఎట్లా ఉన్నదంటే, దుమ్ము సార్ అన్నాడు. తండ్రి మందులు వాడుతున్నాడట, డ్యూటీకి వెడుతూనే ఉన్నాడట. ప్రావిడెంటు ఫండు నంబరు నాలుగు నెలలు తిప్పించుకుని పోయిన నెలలో ఇచ్చారట. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూపించాడు. మొదటి పేజీలో ఆ నంబరు రాసి ఉన్నది. తరువాతి పేజీల నిండా నిలువు గీతలు, అయిదేసి చొప్పున కట్టలు. రోజంతా టిప్పర్ల ట్రిప్పులు రాసి, చివర తన గీత తాను గీసుకుంటాడట. "బాపు కూడ బదిలీ ఫిల్లరుగ ఉన్నప్పుడు ఇంట్ల గోడమీద బొగ్గుతోని ఇట్లనే గీసుకునేటోడట సార్, నూటతొంభై దాక."

అతని పుస్తకంలో 131 ఉన్నాయి.

"మరి నూటతొంభై అయ్యాక ఏం చేస్తావురా?" అన్నాను.

బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కాలుపెట్టి వెనక్కు తిరిగి నవ్వాడు. "నూటతొంభై ఒకటి గీస్త సార్."